మా వీధిలో ఇంగ్లీషు ఎంతమందికి వచ్చు

ఇలాంటివి నేను ఇంతకుముందు రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు రాయడం వచ్చేది కాదు. అరవై దాటాక గానీ అక్షరాలు నా చేతికి రాలేదు. మా ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్. ఆయన ఉన్నన్నాళ్ళూ కాగితాల సంగతి ఆయనే చూసుకున్నారు. ఆయన పోయాక పెన్షన్ కోసం బ్యాంకుకి వెళ్తే, అక్కడ పనిచేసే ఒకావిడ నా బొటనవేలు పట్టుకుని ఇంకు మీద తనే నొక్కి, కాగితం మీద తనే అద్దింది. చంటిపిల్లకి దిష్టిచుక్క పెట్టినట్టు చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అయినా ఆ నెలలోనే పెద్దవాళ్ళ క్లాసులో చేరాను. అక్కడ హిందీ అక్షరాలు నేర్పారు. నేర్చుకున్నాను గానీ, నా మనసులో ఉన్న మాటలేవీ ఆ అక్షరాల్లో సర్దుకోలేదు. తర్వాత మా చర్చికి వచ్చే ఒక రిటైర్డ్ టీచరమ్మ తెలుగు అక్షరాలు దిద్దించింది. ఇప్పుడు మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. కొడుకూ కోడలూ ఇక్కడే, భిలాయిలోనే పుట్టి హిందీలో చదువుకున్నవాళ్ళు. తెలుగు మాట్లాడతారు, అక్షరం చూపిస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు. అందుకని ఇంటి సంగతి ఇంట్లోనే కూర్చుని భయం లేకుండా రాసుకోగలుగుతున్నాను.

నాకు అనుమానం ఎక్కువ. ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. చదువు రాని మనిషికి అది లేకపోతే గడవదు. ఎవరో కాగితం చదివి ఇందులో ఇలా ఉంది అంటారు. నిజంగా అలాగే ఉందో లేదో కాగితంలో చూసుకోలేం కాబట్టి వాళ్ళ మొహంలో చూసుకోవాలి. అలా చూసి చూసి నా కళ్ళకి అదొక అలవాటైపోయింది. అక్షరాలు వచ్చాక కూడా పోలేదు.

మా కోడలు నెహ్రూ నగర్‌లో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో చిన్న క్లాసులకి టీచరు. మా మనవరాలు చదివేదీ అక్కడే. టీచర్ల పిల్లలకి ఫీజులో సగం తగ్గిస్తారు. ఎండలు మొదలైన రోజుల్లో బడిలో ఒక కొత్త మాట చెప్పారట. వచ్చే సంవత్సరం నుంచి పిల్లల తల్లిదండ్రులతో ఇంగ్లీషులోనే మాట్లాడగలిగినవాళ్ళని ఉంచుకుంటారు, మాట్లాడలేనివాళ్ళని మానిపిస్తారు. ప్రిన్సిపాల్ ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడించి చూస్తుంది. మా కోడలి వంతు సోమవారం. ఈ సంగతి నాకు కొడుకు చెప్పాడు, నవ్వుతూ. వాడి దృష్టిలో అది సంగతే కాదు. పెళ్ళాం ఇంగ్లీషు టీచరని తను పనిచేసే స్టీల్ ప్లాంటు క్యాంటీన్‌లో అందరికీ చెప్పుకున్న మనిషి.

నాకు మాత్రం అంతకుముందే ఇంకో అనుమానం ఉంది. కోడలు తెల్లవారుజామున మేడ మీదికి వెళ్తోంది. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతోంది. నా చెప్పుల చప్పుడు వినబడితే ఆపేస్తోంది. అత్తగారికి ఇలాంటప్పుడు ఏ ఆలోచన వస్తుందో చెప్పక్కర్లేదు, నాకూ అదే వచ్చింది. ఒకరోజు చెప్పులు విప్పి మెట్ల మీద నిలబడ్డాను. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. ఎవరితోనైనా మాట్లాడే మనిషి మధ్యలో ఆగి వినాలి కదా. ఈమె వినడం లేదు. అవతల మనిషే లేడు.

అక్కడినుంచి వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. ఎవరైనా పిల్ల తల్లి ఫోన్ చేసి ఇంగ్లీషు అందుకుంటే, నెట్‌వర్క్ సరిగా లేదు, మెసేజ్ పెట్టండి అని హిందీలో చెప్పి పెట్టేస్తుంది. మాల్‌లో ఎవరైనా ఇంగ్లీషులో పలకరిస్తే నవ్వి, తల ఊపి, పిల్ల జడ సవరిస్తుంది. ఇవి నాకు కొత్త కాదు. కళ్ళజోడు మర్చిపోయాను, కాస్త మీరే చదవండి అని నేను ముప్పై ఏళ్ళు తిరిగాను. ఆ రోజుల్లో నాకసలు కళ్ళజోడే లేదు. దాచుకునేవాళ్ళ నడక దాచుకున్నవాళ్ళకి తెలుస్తుంది. కోడలికి ఇంగ్లీషు మాట్లాడటం రాదని నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు, ఆమెకి కూడా.

ఆ సోమవారానికి ముందు రోజు, ఆదివారం పొద్దున్న, చర్చి నుంచి నేను వచ్చేసరికి కోహ్కాలో మా వీధి మొదట్లో ఒక అమ్మాయి తిరుగుతోంది. మెడలో కార్డు, చేతిలో ఫోను, తలకి చున్నీ. సర్వే అంట. ఇంటింటికీ వెళ్ళి ఎవరికి ఏ భాషలు వచ్చు అని అడుగుతోంది. అన్నిటికన్నా ఇంగ్లీషు గురించి ఎక్కువ అడుగుతోందట. ఇంగ్లీషులో మాట్లాడగలరా అంటే మూలింటి ముసలాయన, ఎవరితోనమ్మా అని అడిగాడట. అది తమాషాకి అన్నాడో నిజంగానే అడిగాడో గానీ నాకు నచ్చింది. మా వీధిలో తెలుగు రాని ఇంట్లో హిందీ వచ్చు. హిందీ తడబడే ముసలమ్మలకి తెలుగు వచ్చు. ఛత్తీస్‌గఢీ వాళ్ళ మాట మాకూ మా మాట వాళ్ళకీ తెలుసు. ఇక్కడ ఇంగ్లీషు లేక ఆకలితో పడుకున్నవాళ్ళు లేరు. ఏదైనా గుమ్మం లోపలికి రానివ్వాలంటేనే అది అడుగుతారు.

ఎదురింటావిడ గేటు దగ్గరే నన్ను పట్టుకుంది. ఆమె వయసులో నాకన్నా చిన్నది, నోటిలో నాకన్నా పెద్దది.

"ఇంగ్లీషొచ్చని చెప్పీకు వదినా. వచ్చన్నవాళ్ళు ఉన్నవాళ్ళ కింద లెక్కంట. రేషన్ కార్డు తీసీస్తారంట."

ఎవరు చెప్పారే అంటే అందరూ అంటున్నారంది. దాంతో వీధికి అటు వరస ఇళ్ళల్లో ఒక్కరికీ ఇంగ్లీషు రాలేదు. రాయపూర్‌లో రాత్రంతా అమెరికా వాళ్ళతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేసే పిల్లాడి తల్లి కూడా, మావాడికి హిందీయే సరిగ్గా రాదు అని చెప్పి పంపేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి గాలి మారింది. ఎవరో ఫోన్లో ఎవరితోనో కనుక్కున్నారు. రేషన్ కార్డు మాట అబద్ధమట. ఏదో పెద్ద కంపెనీ రాబోతోంది, ఇంగ్లీషు వచ్చిన ఇళ్ళు రాసుకుని వాళ్ళ పిల్లలకి ముందు ఉద్యోగాలిస్తుందట. ఇది ఇంకా పెద్ద అబద్ధమని నాకు అనిపించింది గానీ వీధి అలా అనుకోలేదు. ఇటు వరసలో ఇంటికి ముగ్గురు చొప్పున ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు బయటపడ్డారు. ఎదురింటావిడ వీధి చివరికి పరిగెత్తి ఆ అమ్మాయిని వెనక్కి పిలుచుకొచ్చింది. పొద్దున్న కంగారులో మర్చిపోయానని, మా ఆయనకి ఇంగ్లీషు బ్రహ్మాండంగా వచ్చని చెప్పింది. ఆ అమ్మాయి విసుక్కోలేదు. వచ్చు అన్నవాళ్ళ గొంతు కొంచెం రికార్డు చెయ్యాలి, ఇంట్లో కూర్చుని నేనే నింపెయ్యలేదని పైవాళ్ళకి తెలియాలి కదా అంది.

ఎదురింటాయన ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. లుంగీ మీద చొక్కా వేసుకుని వచ్చి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మా వరండాలోకి వినబడేలా మాట్లాడాడు. "గుడ్ మార్నింగ్ సర్. ఎస్ సర్. షట్‌డౌన్ కంప్లీట్ సర్. గేట్ పాస్ నో ప్రాబ్లం. టుమారో పక్కా సర్." ఆ అమ్మాయి ధన్యవాద్ అని ఏదో నొక్కింది. ఆయన లెక్కలో చేరిపోయాడు.

నేను నవ్వుకుంటూ వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ఆమె నవ్వడం లేదు. అప్పుడు నాకు రికార్డింగు అన్న మాట బుర్రలో పడింది. ఆ వారంలోనే బడివాళ్ళు టీచర్లందరి ఇంటి అడ్రసులూ మళ్ళీ రాయించుకున్నారని కోడలే చెప్పింది. సోమవారం పరీక్ష. ఆదివారం ఎవరో పిల్ల వచ్చి గొంతులు రికార్డు చేసుకుంటోంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకున్నాను. వీధిలో మిగతా ఇళ్ళన్నీ వంకే, ఈ అమ్మాయి వచ్చింది మా ఇంటికోసమే అనిపించింది.

అది అనిపించిన కాసేపటికే ఆమె మా గుమ్మం ఎక్కింది. వెనక ఎదురింటావిడ. ఇల్లు చూపించడానికి వచ్చానంది, మా ఇల్లు ఆమె గేటుకి ఎదురుగానే ఉంది. వచ్చి మా కుర్చీలో సుఖంగా కూర్చుంది. మా వీధిలో ఇంటికెవరొచ్చినా ఇంట్లో పెద్దమనిషే అందరి తరఫునా జవాబు చెప్పడం ఆనవాయితీ. కొడుకు సెకండ్ షిఫ్ట్‌కి వెళ్ళిపోయాడు కాబట్టి ఆ పెద్దమనిషిని నేనే.

మాతృభాష తెలుగు అన్నాను. హిందీ వచ్చన్నాను. ఇంగ్లీషు రాదన్నాను. చదవడం, రాయడం వచ్చా అని అడిగింది. వచ్చు, తెలుగు, కొంచెం హిందీ అని చెప్పాను. ఆ ప్రశ్నకి నా జన్మలో వచ్చు అని చెప్పడం అదే మొదటిసారి. ఆమె తలెత్తను కూడా లేదు, నొక్కేసి ముందుకు పోయింది. కొడుకుకి కొంచెం వచ్చు, మాట్లాడటం రాదన్నాను. ఇక కోడలు.

నేను నోరు తెరిచేలోపు ఎదురింటావిడ అందుకుంది. "ఆ పిల్లకి రాకపోడమేటి, ఇంగ్లీషు మీడియం టీచరు. మా పాప టూషను కూడా ఈమె దగ్గరే."

ఆ అమ్మాయి సంతోషించింది. దీదీ, ఒక్క రెండు నిమిషాలు మీ బడి గురించి ఇంగ్లీషులో చెప్పండి చాలు అని ఫోను ముందుకి చాపింది. కోడలు గొంతు సవరించుకుంది. గొంతు బాగోలేదు, నిన్నటినుంచి పట్టేసింది అని హిందీలో చెప్పింది. పరవాలేదు దీదీ, గొంతెలా ఉన్నా సరే అంది ఆ అమ్మాయి. ఎదురింటావిడ కుర్చీ ముందుకి జరుపుకుంది.

కోడలు నావైపు చూసింది. ఏం కోరి చూసిందో నాకు ఇప్పటికీ తెలీదు. నాకు మాత్రం ఒక్కటే తోచింది. ఆ ఫోనులో ఆమె తడబాటు పడకూడదు. పడితే రేపు ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంటుంది, రాదని నేనంటే తెలీని ముసలిదాని మాట కింద పోతుంది.

"మా కోడలికి ఇంగ్లీషులో మాట్లాడటం రాదు. రాదని రాసుకో" అన్నాను.

ఆ అమ్మాయి వేలు ఫోను మీద ఆగి, తర్వాత కిందకి దిగి నొక్కింది. ఎదురింటావిడ నాకేసి, కోడలికేసి మార్చి మార్చి చూసి, "అలాగేటి" అని లేచింది. కోడలు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కడగడానికి అక్కడ గిన్నెలు లేవు.

నేను చేసింది మంచో చెడ్డో తేల్చుకోవాలంటే ఆ అమ్మాయిని పంపిందెవరో తెలియాలి. చెప్పులేసుకుని ఆమె వెనకే వెళ్ళాను. వీధి చివర కిరాణా కొట్టు నీడలో నిలబడి నీళ్ళు తాగుతోంది. నిన్నెవరు పంపారు, ఏ బడి అని సూటిగా అడిగాను. బడి ఏమిటి అమ్మాజీ అంది. మెడలో కార్డు తీసి చూపించింది. కార్డంతా ఇంగ్లీషు. నేను నేర్చుకున్న రెండు రకాల అక్షరాల్లో ఒక్కటీ దాని మీద లేదు. మళ్ళీ ఆమె మొహం చూసుకోవాల్సి వచ్చింది.

మొహంలో అలుపు తప్ప ఏమీ కనబడలేదు. రాయపూర్‌లో ఒక కంపెనీ అట. ఏ ఊళ్ళో ఎంతమందికి ఇంగ్లీషు వచ్చో తెలిస్తే, ఫోన్లలో వినిపించే ప్రకటనలు ఏ భాషలో పెట్టాలో తేల్చుకుంటారట. రికార్డులు ఎవరు వింటారమ్మా అంటే, ఎవరు వింటారు, వినడానికి మనుషులేరీ అంది. నిలబడడానికి నీడ దొరికింది కాబట్టి కాబోలు, ఇంకాస్త చెప్పింది. రాదు అంటే రెండు మూడు నొక్కులతో ఆ మనిషి అయిపోతాడట. వచ్చు అంటే పెద్ద వరస. ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరితో మాట్లాడతారు, ఆపైన రికార్డింగు. చెప్పిన ఇళ్ళన్నీ పూర్తి చేస్తే గానీ ఇంటికి పోకూడదు.

"పొద్దున్న అందరూ రాదన్నారు, దేవుడి దయ అనుకున్నాను. మధ్యాహ్నం నుంచి అందరికీ వచ్చేసింది. మీ ఇల్లొక్కటే నా పని తగ్గించింది అమ్మాజీ."

సాయంత్రమయ్యేకొద్దీ వచ్చు అన్నవాళ్ళని నువ్వే రాదు కింద నొక్కేస్తావా అని అడిగాను. ఆమె నవ్వి నీళ్ళ సీసా మూత బిగించింది. అవునని అనలేదు, కాదనీ అనలేదు. నీకు ఇంగ్లీషు వచ్చా అన్నాను. ఆమెది ఇక్కడికి దగ్గరలోని కుమ్హారి ఊరట. వాళ్ళ వీధికి ఎవరూ రాలేదట, ఆమెని ఈ మాట ఎవరూ అడగలేదట.

ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది. అయినా నేను పూర్తిగా నమ్మలేదు. నమ్మితే నేను కోడల్ని వీధిలో పెట్టింది ఉత్తపుణ్యానికే అని ఒప్పుకోవాలి. ఎక్కడో ఎవరో ఈ నొక్కులన్నీ కూడి, భిలాయిలో నూటికి ఇంతమందికి ఇంగ్లీషు వచ్చు అని చెబుతారు. అందులో టుమారో పక్కా సర్ ఉంటాడు. అమెరికా వాళ్ళతో మాట్లాడే పిల్లాడు ఉండడు. మా కోడలు ఉండదు.

ఇంటికొచ్చేసరికి దండెం మీద బట్టలు తీస్తోంది. నన్ను చూడకుండా అడిగింది.

"నన్నడగకుండా ఎందుకు చెప్పారత్తయ్యా?"

రికార్డు అయితే బడికి వెళ్తుందని భయపడ్డానన్నాను.

"బడికి వెళ్ళినా వెళ్ళకపోయినా వీధికి వెళ్ళిపోయింది కదా."

అది ఎంత నిజమో వెంటనే తెలిసింది. ఎదురింటావిడ తన గేటు దగ్గర నిలబడి గొంతు పెంచింది. "గుడీవినింగ్ టీచరమ్మా. అదైనా ఇంగ్లీషులో అనొచ్చేటి, దానిక్కూడా రాదేటి?"

కోడలి చేతిలో బట్టలు అలాగే ఉన్నాయి. నేను గోడ దగ్గరికి వెళ్ళాను. "మీ ఆయన్ని పంపు వదినా, షట్‌డౌను గురించి ఇద్దరూ మాటాడుకుంటారు" అన్నాను. ఆమె ఏదో గొణుక్కుంటూ లోపలికి పోయింది. కోడలి మొహంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. నాకు అది చాలు అనిపించింది గానీ ఆమెకి చాలలేదు.

ఆ పూట ఆమె నాతో మాట్లాడింది చపాతీలు వత్తుతూనే, అంతా హిందీలో, మధ్యమధ్య తెలుగులో. నాకు ఎప్పటినుంచి తెలుసని అడిగింది. చెప్పాను, మెట్ల మీద నిలబడ్డ సంగతి కూడా. మొదట ఏమనుకుని నిలబడ్డానో చెప్పలేదు, ఆమే ఊహించుకుంది. కోపం తెచ్చుకోవాల్సిన చోట నవ్వింది. రాకపోవడం కాదు అత్తయ్యా అంది. చదివితే అర్థమవుతుందట, రాస్తే తప్పులు రావట. ఎదురుగా మనిషి ఉంటే మాత్రం నోరు కట్టేసినట్టు అవుతుందట. ఒకసారి మొగుడితో ప్రయత్నిస్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. కూతురితో ప్రయత్నిస్తే, మమ్మీ అలా కాదు అని దిద్దింది. అందుకే ట్యాంకు. ట్యాంకు నవ్వదు, దిద్దదు. రేపు ప్రిన్సిపాల్ మాత్రం ట్యాంకు కాదు. ఈ ఉద్యోగం పోతే పిల్లని కూడా ఆ బడి మాన్పించాలి అంది. ఇంకో ఉండ పీట మీద పెట్టి వత్తింది.

"నాతో మాట్లాడు. నాకొక్క ముక్క అర్థం కాదు. నవ్వాలన్నా ఎక్కడ నవ్వాలో తెలీదు" అన్నాను.

మీరేం జవాబు చెబుతారు అంది. నేను జవాబులు చెప్పను, ప్రశ్నలు అడుగుతాను, తెలుగులో, పిల్ల తల్లిలాగ అన్నాను. ఆమె నమ్మకం లేకుండా చూసింది.

మర్నాడు పొద్దున్న, షిఫ్టు చేసి వచ్చి పడుకున్న కొడుకు గది తలుపు దగ్గరగా వేసి, వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చున్నాను. కోడలు డబ్బాలు కడుతోంది. "ఏటి టీచరమ్మా, మా పిల్లకి ఇంకా లెక్కలు రావడంలేదు, బడిలో ఏటి చేస్తన్నారు మీరు?" అన్నాను. ఆమె ఇంగ్లీషులో రెండు మాటలు అని ఆగిపోయింది. ఇంతేనా అన్నాను. మళ్ళీ మొదలుపెట్టింది. ఫీజులు తీసుకోడం మాత్రం తెలుసు అన్నాను. పక్క పిల్ల మా పిల్లని గిల్లుతుంటే మీరు ఫోను చూసుకుంటన్నారంట కదా అన్నాను. అనుమానపడే తల్లిలా మాట్లాడటానికి నాకు కష్టమేమీ కాలేదు. ఆమె చెప్పింది ఒప్పో తప్పో నాకు తెలీదు కాబట్టి నేలకేసి చూస్తోందా నాకేసి చూస్తోందా అన్నదే చూశాను. నేలకేసి చూసినప్పుడల్లా అదే ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడిగాను. ఒకచోట ఆమెకి కోపమొచ్చి, గరిటె చేత్తో పట్టుకుని, ఆగకుండా చాలాసేపు మాట్లాడింది. అందులో నన్ను తిట్టిందేమోనని అనుమానం వచ్చింది. అలాగే కూర్చున్నాను.

ఆటో వచ్చాక వీధిలోకి వెళ్ళాను. మనవరాలు ఎక్కింది, కోడలు ఎక్కబోతోంది. ఎదురింటావిడ గేటు ముందు నీళ్ళు జల్లుతోంది. నేను ఇంకొక్క ప్రశ్న అడిగాను, వీధంతా వినేలా, మా పిల్ల పాసవుతాదా అవ్వదా టీచరమ్మా అని. కోడలు ఆటో కమ్మీ పట్టుకుని, నా మొహంలోకి చూసి, ఇంగ్లీషులో జవాబు చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలీదు. మగ్గు పట్టుకుని నిలబడిపోయిన ఎదురింటావిడకీ తెలీలేదు. మనవరాలు దిద్దలేదు.

ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి కొడుకుకి టీ పెట్టాను.